ఎడమ చేతి అక్షింతలు

లెంపకాయ సప్పుడు ఏ మూలకెల్లి వచ్చినా నాకు తెలుస్తది. ఎడమ చెవి పనిచెయ్యదు, ఎనకకెల్లి లారీ హారన్ కొట్టినా ఒక్కోసారి వినపడదు, గని ఈ సప్పుడు మాత్రం వినపడతది. మొన్న సోమవారం మిర్యాలగూడల మా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుల వైవా నడుస్తుంది. ఫైనల్ ఇయర్ పిల్ల ఒకతి నా ఎదురుంగ నిలవడ్డది. నేను అడిగింది చిన్న ప్రశ్న. తెలిసిందే, నోటికి రాలే. నేను తిట్టలే. ఆమెనే కళ్లు మూసుకొని, గుళ్లె లెంపలేసుకున్నట్టు మెల్లగ మొదలుపెట్టి, ఇగ ఆగలే. కుడి చెంప, ఎడమ చెంప, మళ్ల కుడి చెంప. చెంపల మీద ఐదు ఏళ్లు అచ్చుపడ్డయి. ఎనక లైన్ల ఉన్న పోరగాళ్లు మొదలు నవ్విన్రు, తర్వాత నవ్వుడు ఆపిన్రు.

నేను కుర్సీ ఎనకకు తన్ని లేసి ఆమె మణికట్టు పట్టుకున్న. నా నోట్లెకెల్లి ఒక మాట వచ్చింది.

"యాడ మండుతుంది నీకు?"

ఆ మాట నాది కాదు. ఆ మాట ఎవరిదో, ఆమెను అంతకు ముందు వారమే కోదాడల మట్టిల పెట్టి వచ్చిన. పేరు రాయను. బతికున్నన్ని దినాలు ఎవలన్న తన గురించి ఎనక ముచ్చట పెడితే గల్లా పట్టి అడిగిన మనిషి. ఇప్పుడు లేసి రాదన్న ధైర్యంతోని రాస్తున్న, అయినా జర భయంగనే ఉన్నది.

సూర్యాపేటల నేను పీజీల చేరిన యాడాది ఆమె సెకండియర్. మొదటిసారి హాస్టల్ కాడ నీళ్ల ట్యాంకర్ దగ్గర చూసిన. పొడుగు మనిషి, చున్నీ నడుముకు బిగించి కట్టింది. లైన్ల ఉన్న ఆమె బకిట్‌ను ఒక పిల్ల కాలుతోని ఎనకకు నూకి, తన బకిట్ పెట్టుకున్నది. ఆమె ఆ పిల్ల బకిట్ తీసి ఆ పిల్ల నెత్తి మీదనే ఏసింది. బకిట్ పగిలింది, నుదురు బొప్పి కట్టింది. ఆ పిల్ల తక్కువదా? జుట్టు దొరకపట్టింది. ఇద్దరు బురదల పడి దొర్లిన్రు. మేము ఎవల బకిట్లు ఆళ్లం పట్టుకొని సూసుకుంట నిలవడ్డం.

కొట్లాట అయిపోయింది. ఇద్దరు మెట్ల మీద కూసొని ఎగపోస్తున్నరు. అప్పుడు ఆమె ఆ పిల్లను అడిగింది, "యాడ మండింది నీకు?" అని.

"నెత్తి మీద. యాడ కొట్టినవో నీకు తెల్వదా?"

"నెత్తి మీద కాదే, లోపట."

ఆ పిల్లకు మొదలు సమజ్ కాలే. ఆలోచించి, "గొంతుల" అన్నది.

"నాకు ఈడ" అని పక్కటెముకల కింద వేలు పెట్టి చూపెట్టింది ఆమె. "గొంతుల మండితే ఏడుపు. ఈడ మండితే కొట్లాట. యాడ మండుతుందో తెలిసి ఉండాలె. తెల్వకపోతే అది ఎవలింట్ల పడితే ఆళ్లింట్ల జొరబడతది."

చెప్పి, తన మంచి బకిట్ ఆ పిల్లకు ఇచ్చింది. పగిలిన దానికి గుడ్డ కుక్కి ఆ యాడాదంత తానే వాడుకున్నది. నాకు ఆమె మీద మనసు పోయింది ఆ పొద్దే. భయం గూడ ఆ పొద్దే పట్టింది.

మా హాస్టల్ల ఎవలను వాళ్లు కొట్టుకునుడు అందరికి అలవాటే. ఇంటర్ల కట్టె దెబ్బలు తిని, ర్యాంకుల కోసం గోడకు నిలబెట్టిచ్చుకొని వచ్చినోళ్లం. పీజీలకు వస్తే కొట్టెటోడు లేడు. కొట్టెటోడు లేకపోతే సదువు ఎట్ల వస్తదని మాకు గుబులు. అందుకే ఆ డ్యూటీ మేమే ఎక్కినం. మార్కులు తగ్గితే ఒకామె ఆ పొద్దు అన్నం బంద్ పెట్టేది. ఒకామె స్కేలు తీసి అరచేతుల మీద కొట్టుకునేది. నాకు లెంపలు. దేవుని ముంగట తప్పయిందని లెంపలేసుకునుడు చిన్నప్పటి సంది ఉన్నదే. దేవుని ముంగట మెల్లగ ఏసుకుంటం, మార్కుల ముంగట గట్టిగ ఏసుకున్నం, గంతే.

ఆమెది పాలకీడు దిక్కు కూలి కుటుంబం, కిరస్తానపోళ్లు. మా లెంపలు చూసి ఆమె పరేషాన్ అయ్యేది.

"తప్పయిందని నోటితోని చెప్తే మీ దేవునికి వినపడదా ఏంది?"

"ఒక చెంప మీద కొడితే ఇంకో చెంప చూపెట్టాలంటరు గదక్కా మీ బైబిల్ల" అని ఎవలో ఉడికించిన్రు.

"చూపెట్టుమన్నరు. రెండోది నీ చేత్తోని నువ్వే పగలగొట్టుకోమనలే" అన్నది.

ఇంకో మాట అనేది, అది మా అందరికి కంఠతా వచ్చు. "ఇంకొకడు కొడితే పంచాయితీ పెట్టొచ్చు, ఠాణాకు పోవచ్చు, తిరిగి తన్నొచ్చు. నిన్ను నువ్వు కొట్టుకుంటే ఎవల మీద కేసు పెడ్తవే?"

ఈ తెలివి ఆమెకు యాడికెల్లి వచ్చిందో ఒక పొద్దు బట్టలు పిండుకుంట చెప్పింది. వాళ్ల నాయిన తాగి వచ్చి కొట్టేటోడు. చేతికి ఏది దొరికితే దానితోని. ఈమెకు చిన్నతనంల ఒక ఉపాయం తట్టింది. నాయిన వాకిట్ల అడుగు పెట్టంగనే తానే ఎదురు పోయి తన చెంపలు తాను వాయించుకునేది. ముందుగాల నేనే కొట్టుకుంటే నాయిన వంతు తగ్గుతది గదా అని.

"తగ్గిందా అక్కా?" అని అడిగిన.

"తగ్గుతదా? నా పని నువ్వు చేస్తవా అని ఇంకిన్ని ఎక్కువ కొట్టిండు" అని చేతిల ఉన్న చున్నీని చీరె పిండినట్టు పిండింది. నీళ్లన్ని పోయినా పిండుతనే ఉన్నది.

ఆ యాడాదే నా మొదటి సెమినార్. వారం దినాలు అద్దం ముంగట చెప్పుకున్న. తీరా క్లాసుల నిలవడితే రెండు మాటలు వచ్చి ఆగిపోయినయి. సుద్దముక్క చేతిల ఉన్నది, బోర్డు ఎనక ఉన్నది, నోరు తెరిస్తే గాలి. "కూర్చోమ్మా, ఇంకోనాడు చెబ్దువు" అన్నడు సార్. తిట్టినా బాగుండు. ఆయన తిట్టలే కాబట్టి ఆ తిట్లన్ని నేనే తిట్టుకోవాల్సి వచ్చింది.

మధ్యాహ్నం రూంకు వచ్చి, కిటికీల పెట్టుకున్న అమ్మవారి పటం ముంగట మొదలుపెట్టిన. మొదలు తప్పయింది తల్లీ అనుకుంటనే కొట్టుకున్న. కొద్దిసేపటికి తల్లీ లేదు, తప్పూ లేదు, ఉత్త కొట్టుడే మిగిలింది. ఆ కొట్టుడుల ఒక సుఖం ఉంటది, కొట్టుకున్నోళ్లకే ఎరుక. చెంపలు మండుతుంటే లోపట మండేది తెల్వదు. నా రూమ్మేట్ భయపడి ఉరికి పోయి ఆమెను పిలుచుకొచ్చింది.

ఆమె తలకు పోసుకొని, నెత్తికి తడి టవల్ చుట్టుకొని వచ్చింది. "ఆపు" అన్నది. ఆపలే. "యాడ మండుతుందో చెప్పు, చెప్పినంక కొట్టుకుందువు" అన్నది. చెప్పలే. నా రెండు చేతులు దొరకపట్టింది. నేను ఆమె ముంజేతిని కొరికిన. పండ్లు దిగినయి, నోట్లె ఉప్పగ తగిలింది. చేయి ఇడిసింది. నేను మళ్ల మొదలుపెట్టిన. అప్పుడు ఆమె కొట్టింది.

ఒక్కటే దెబ్బ. కలుపు తీసి, కోతలు కోసి పెరిగిన చేయి అది. ఎడమ చెంప, చెవి కలిపి తగిలింది. పోయి మంచం కోడు మీద పడ్డ. చెవిల కుక్కర్ కూసినట్టు ఒక కూత లేసింది, అది ఆగలే. చేయి పెట్టి చూసుకుంటే ఏళ్లకు రక్తం. నేను అన్ని లెంపలు ఏసుకుంటే చెంప కందింది గని ఏం కాలే. కొట్టుకోవద్దని చెప్పనీకి వచ్చిన మనిషి ఒక్కటి కొడితే చెవి పోయింది.

ఆమె నా దిక్కు చూడలే. తన కుడి చేయి దిక్కు చూసింది, అది ఇంకెవరిదో అన్నట్టు. చూసి, దాన్ని తీసుకపోయి రూం ఇనుప తలుపుకు కొట్టుడు మొదలుపెట్టింది.

"మా నాయిన చేయే ఇది" అన్నది. "మా నాయిన చేయే. మా నాయిన చేయే." అన్న ప్రతిసారి ఒక దెబ్బ.

పిల్లలంత వరండాల జమయిన్రు. ఎవలూ దగ్గరికి పోలే. ఏళ్ల కణుపుల మీద తోలు లేసింది. తలుపుకు రక్తం అంటింది. నాకు, ఉన్నదున్నట్టు చెప్తున్న, సల్లగ అనిపించింది. నా చెవి తీసింది, దాని చేయి పోనీ అనుకున్న. అట్ల చూసుకుంట చూసుకుంట ఉన్నట్టుండి కోపం వచ్చింది. ఎందుకంటే దెబ్బ తిన్నది నేను. చెవి పట్టుకొని కింద కూలబడ్డది నేను. రూంల అందరు చూసేది ఆమెను. అందరికి ఆమె చేయే పరేషాన్. నా దిక్కు చూసెటోళ్లు లేరు, ఆమెతోని సహా.

"ఆ చెయ్యి ఇరిగినంక నన్ను దవాఖానకు ఎవలు తీసుకపోతరు? నీ తాత వస్తడా?" అని గొంతు చించుకొని అరిసిన.

చేయి గాలిల ఆగింది. నా దిక్కు చూసింది. చెవికెల్లి కారేది అప్పుడు కనపడ్డట్టున్నది ఆమెకు. నెత్తికి చుట్టుకున్న టవల్ ఊడబీకి నా చెవికి అదిమి పెట్టి, రెక్క పట్టి లేపి, ఆటోల ఏసుకపోయింది.

డాక్టర్ లైట్ పెట్టి చూసి, చెవి పొర పగిలిందన్నడు. "ఎట్ల అయింది?"

"నేను కొట్టిన సార్" అన్నది ఆమె.

ఆయన కండ్లు ఆమె చేతి మీద పడ్డయి. అప్పటికే ఉబ్బి రొట్టె లెక్క అయింది. "మరి ఇది?"

"అది గూడ నేనే కొట్టిన."

డాక్టర్ ఇద్దరి మొకాలు మార్చి మార్చి చూసిండు. "మీరు చదువుకుంటున్నరా, కుస్తీ పడుతున్నరా?" అని నాకు మందు రాసి, ఆమెకు కట్టు కట్టిండు.

ఆదివారం నన్ను మా ఊరు మోతెకు, మా ఇంటికి తోలుకపోయింది. వద్దక్కా, బండి మీదకెల్లి పడ్డనని చెప్తా అన్న. వినలే. నన్ను కన్న మా అవ్వ వాకిట్ల మిరపకాయలు ఎండబోస్తుంది. ఆమె చెప్పులు ఇడిసి ఎదురుంగ నిలవడి, "నేను కొట్టిన మీ బిడ్డను. చెవి పోయింది" అన్నది.

మా అవ్వ తిట్ల గురించి మోతెల అడిగితే చెప్తరు. నీ చెయ్యికి పుండు పుట్ట అని మొదలుపెట్టి, ఏడు తరాలను బొంద పెట్టింది. ఆమె తల వంచుకొని అన్నీ విన్నది. విని, మోకాళ్ల మీద కూసొని, చెంప చూపెట్టింది. "కొట్టు అవ్వా. నా చెవి గూడ పగలాలె. కొట్టు."

మా అవ్వ చేయి లేపింది. మిరప కారం అంటిన చేయి. లేపి, ఆపింది.

"కొట్టను. కొడితే సరికి సరి అయిందని నువ్వు కాళ్లు సాపుకొని పంటవు. నా బిడ్డ సెవి నా బిడ్డకు రాదు. నీకు గా సుకం నేనెందుకియ్యాలె? లేసి అన్నం తిను, తిని దాన్ని దవాఖానకు తిప్పు."

ఆమె తిన్నది. కుడి చేతికి కట్టు, ఎడమ చేత్తోని తిన్నది. మా అవ్వ మొకం అటు తిప్పుకున్నది, గని కూర మళ్ల ఏసింది. ఆ యాడాదంత నన్ను చెవి డాక్టర్ దగ్గరికి తిప్పింది ఆమెనే. పొర సరిగ్గ అతకలే. చీము పట్టింది, తగ్గింది, మళ్ల పట్టింది. ఆఖరుకు ఆ చెవికి వినికిడే లేకుండ పోయింది.

నా చెవి కథ ఆడికి ఖతం. మనిషికి దేవుడు రెండు చెవులు ఇచ్చిండు, ఒకదానితోని బతుకొచ్చు. ఖతం కానిది ఆమె చేయి కథ. ఆ చేయిని ఆమె ఎన్నడన్న మాఫ్ చేస్తదా చెయ్యదా అని నేను బతుకంత సూసిన.

కట్టు ఇప్పినంక గూడ ఆ చేయి మనుషుల దిక్కు తిరిగి రాలే. రాసేది, తినేది, బట్టలు పిండేది కుడి చేత్తోనే. గని మనిషికి ఏదన్న ఇయ్యాలన్నా, మనిషిని ముట్టాలన్నా ఎడమ చెయ్యే. మన దిక్కు ఎడమ చేత్తోని ఇస్తే ఊకుంటరా? పొద్దుగాల బోణీ యాళ్లకు ఎడమ చెయ్యి సాపిందని కిరాణం సేటు ఆమె సంచి రోడ్డు మీద పారేసిండు. ఆమె సంచి దులుపుకొని ఇంకో దుకాణానికి పోయింది. బకిట్ పగలగొట్టిన మనిషి, సేటు మీదికి చేయి లేపలే.

కోదాడల జూనియర్ కాలేజీల లెక్చరర్ అయింది. పిల్లలు 'ఎడమ మేడం' అని పేరు పెట్టిన్రు. కోదాడల ఉండి ఉండి మాటకు ఆంధ్ర గాలి తగిలింది, "వెళ్తున్నారా, తిన్నారా" అనేది నాతోని గూడ. కోపం వచ్చిందంటే మాత్రం పాలకీడు దిగేది. నేను ఎప్పుడన్న పోతే రోడ్డు మీద నా ఎడమ దిక్కే నడిచేది. అటు దిక్కు బండ్లు నాకు వినపడవని.

ఒకసారి వాళ్ల కాలేజీల కూసున్న. పరీక్ష పేపర్లు ఇస్తుంటే ఒక పిల్లగాడు తన చెంప తాను వాయించుకున్నడు. ఈమె చేతులు పట్టుకోలే. పోయి, తన ఎడమ అరచేతిని వాని చెంపకు ఆనించి పెట్టింది. "ఇగ కొట్టు" అన్నది. వాడు ఆపబోయి ఆపలేక కొట్టిండు, దెబ్బ ఆమె చేయి మీద పడ్డది. వాడు బెదిరిపోయిండు. "ఇప్పుడు చెప్పు, యాడ మండుతుంది?" వాడు ఏడ్చుకుంట కడుపు చూపెట్టిండు. "కడుపుల అంటే భయం. ఇంట్ల ఏమంటరో అనా?" వాడు తల ఊపిండు. "అయితే భయమైతుందని చెప్పు. భయానికి చెంప ఏం చేసింది?" ఆమె ఎడమ చేయి మీద వాని ఏళ్లు ఎర్రగ అచ్చుపడ్డయి. నేను ఆమె కుడి చేయి దిక్కు చూసిన. అది పిడికిలి బిగించి ఎనకకు పోయి ఉన్నది.

నా లగ్గం హుజూర్‌నగర్ల ఒక ఫంక్షన్ హాల్ల అయింది. అందరు వచ్చి అక్షింతలు ఏస్తున్నరు. ఆమె వచ్చింది. పళ్లెంల చేయి పెట్టింది, ఎడమ చేయి. మా నెత్తి మీద ఏసింది.

మా ఆయన పెద్ద మేనమామ లేసిండు. "ఎడమ చేత్తోని అక్షింతలా? పద్ధతి తెల్వనోళ్లు బయట కూసోవాలె" అని భుజం పట్టి నూకిండు. ఆమె పోయి కుర్సీల మీద పడ్డది, పెదవి పగిలింది. లేసింది. కుడి చేయి లేసింది. ఆ చేయి నాకు ఎరుకనే గద, నా చెవిల పాత కూత మళ్ల మొదలైంది. ఆయన పని అయిపోయిందనుకున్న. కొట్టలే. ఆ చేయిని ఎడమ చేత్తోని పట్టుకొని కిందికి గుంజుకున్నది, కట్టేసిన పశువును గుంజినట్టు.

ఆమె కొట్టకపోతే నేను ఊకుంటనా? పీటల మీదకెల్లి లేసి, తలంబ్రాల పళ్లెం మేనమామ మొకాన ఏసిన. బియ్యం, పసుపు, పళ్లెం అన్నీ. "ఆమె ఏ చేత్తోని ఏస్తే అవే నాకు అక్షింతలు. కూసునెటోళ్లు కూసోన్రి, పోయెటోళ్లు పోన్రి" అన్న. మా అత్త ఆ ముచ్చట ఇప్పటికీ వచ్చినోళ్లందరికి చెప్తది. మేనమామ ముక్కు మీద గీత గూడ ఇప్పటికీ ఉన్నది.

తర్వాత ఎనక రూంల ఆమెను పట్టుకున్న. పెళ్లిబట్టల మీదనే కొట్లాడిన.

"ఒక్కపారి కుడి చేత్తోని ఏస్తే నీ సొమ్మేం పోతుండె?"

"నీ మీదికి ఆ చేయి మళ్ల లేపనని అనుకున్న."

"నేను అడిగిన్నా? నేను మర్చిపోయి ఎన్నడో అయింది."

"నువ్వు మర్చిపోతే నేను మర్చిపోవాల్నా?"

"మర్చిపోకు. పిల్లలకేమో కొట్టుకోకున్రి, కొట్టుకోకున్రి అని చెప్తవ్. మరి గిదేంది? గిది కొట్టుకునుడు కాదా? ఆ ఇనుప తలుపు కాడనే ఉన్నవ్ నువ్వు, ఇంకా కొట్టుకుంటనే ఉన్నవ్. సప్పుడు వస్తలేదు, గంతే."

ఆమె తలుపు ధనామని ఏసి, తినకుంటనే కోదాడ బస్ ఎక్కింది.

ఈ ఎండకాలం ఆమెకు పసిరికలన్నరు. తర్వాత లివరే పోయిందన్నరు. నేను కోదాడ దవాఖానకు పోయేవరకు మనిషి సగమైంది. కండ్లు పసుపు. ఎడమ చేతికి సెలైన్ పెట్టి, కదలకుండ అట్టకు కట్టిన్రు. కుడి చేతికి పెట్టమని నర్సుతోని కొట్లాడిందంట. ఆ చేతిల నరం దొరకలే.

నేను పోయి కుడి దిక్కు కూసున్న. ఆమె కుడి చేయిని దుప్పటి కిందికి గుంజుకున్నది.

"యాడ మండుతుందక్కా?" అని అడిగిన.

"నా మాట నాకే అప్పజెప్తున్నవా?" అన్నది. దుప్పటి కింద ఆ కుడి చేయి కదిలింది. "చేతిల" అన్నది.

నేను దుప్పటి తీసి ఆ చేయి పట్టుకున్న. గుంజుకున్నది. నేను ఇడువలే. ఇద్దరం పెనుగులాడినం. కాలుతోని నా కడుపుల తన్నింది, ఆ బలం యాడికెల్లి వచ్చిందో. సెలైన్ స్టాండ్ పోయి గోడకు కొట్టుకున్నది, పైపులకు రక్తం ఎదురెక్కింది. నర్సు ఉరికొచ్చి ఇద్దరిని తిట్టింది. నేను ఇడువలే. ఆ చేయిని తెచ్చి నా ఎడమ చెవి మీద అదిమి పెట్టుకున్న. మొదలు పిడికిలి ఉన్నది. ఆమె ఎగపోస్తుంది, నేను ఎగపోస్తున్న. జర సేపైనంక పిడికిలి ఇడిసింది. అరచేయి చెవికి ఆనింది. చెవికి వినపడదు గని వేడి తెలుస్తది.

"ఆ చెవితోని వినపడుతుందానే?" అని అడిగింది.

"లేదు."

"నిజంగ?"

"నిజంగనే. నీ పుణ్యమా అని."

నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. "అయితే ఇటు రా" అని, కుడి చేత్తోని నా తల గుంజుకొని, ఎడమ చెవికి నోరు ఆనించి చెప్పుడు మొదలుపెట్టింది.

మస్తు సేపు చెప్పింది. నాకు ఒక్క అక్షరం వినపడలే. ఊపిరి తగిలింది, తడి తగిలింది. నడుమ ఏడ్చినట్టున్నది, నడుమ ఎవరినో తిట్టినట్టున్నది. నాయినకు చెప్పిందో, నాకు చెప్పిందో, ఆ చేతికే చెప్పిందో. అయిపోయినంక కుడి అరచేత్తోని నా చెవి తుడిసింది, పిల్లల మూతి తుడిసినట్టు. ఏం చెప్పినవని నేను అడగలే. తెచ్చిన బత్తాయి ఒలిసి ఆమె చేతిల పెట్టిన. ఒక తొన తీసి నాకిచ్చింది. కుడి చేత్తోని. ఇచ్చిన సంగతి ఆమె గమనించలే. నేను తిన్న.

ఆ వారంలనే పోయింది. మట్టి ఏసే కాడ అందరు కుడి చేత్తోని ఏస్తున్నరు. నా వంతు వచ్చినప్పుడు ఎడమ చేత్తోని ఏసిన. ఎనక ఎవలో గుర్రుమన్నరు. ఆడ పళ్లెం లేదు గాబట్టి బతికిండు.

ల్యాబుల ఆ పిల్ల నా దిక్కే చూస్తుంది. ఆమె మణికట్టును నేను ఎంత గట్టిగ పట్టుకున్ననో అప్పుడు చూసిన. నా ఏళ్లు అచ్చుపడుతున్నయి. ఇడిసిపెట్టిన.

"యాడ మండుతుందమ్మా?" అని మళ్ల అడిగిన, మెల్లగ.

"తెల్వది మేడం" అన్నది. "నేను దేనికి పనికిరాను మేడం. నాకు..." మిగిలింది చెప్పలేకపోయింది. లైన్ల ఉన్నోళ్లందరు చెవులు ఇటే పెట్టిన్రు.

నేను కుర్సీ జరిపి ఎడమ దిక్కు స్టూల్ ఏసిన.

"ఈడ కూసో. నా ఈ చెవి పనిచెయ్యదు, కాలేజీల అందరికి తెలిసిందే. నిన్ను నువ్వు ఏం తిట్టుకోవాల్నో అన్ని గీ చెవిల తిట్టు. ఒక్కటి గూడ మిగలొద్దు. అయిపోయినంక ఇటు దిక్కు వచ్చి జవాబు చెప్పు."

ఆ పిల్ల నమ్మలేనట్టు చూసింది. కూసున్నది. ఒంగింది. చెవి మీద ఊపిరి తగిలింది, తడి తగిలింది. ఆమె మస్తు సేపు చెప్పింది. నేను పేపర్ల దిక్కు చూసుకుంట కూసున్న.

అయినంక ముక్కు తుడుసుకొని కుడి దిక్కు వచ్చి నిలవడ్డది. జవాబు చెప్పింది. సగం తప్పు చెప్పింది. సగానికి మార్కులు ఏసిన.